శంఖము, శుక్తి, శంబూకము: గుల్లప్రాణుల వర్గ నిర్ణయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)

హాలియా వాగు ఇసుకలోను, ఎండిన చెఱువు ఒండ్రులోను ఆల్చిప్పలు దొరకును. వానిని చూడనివారు ఈ సభలో ఉండరు. అరగదీసి నడుమ రంధ్రము చేసిన చిప్పతో పచ్చిమామిడికాయ చెక్కు తీసిన చేతులును, పాలకుండ అడుగు గోకును ఆ చిప్పతోనే గీకి తిన్న నోళ్ళును ఇచ్చట కొన్నియైన ఉండును. అయినను ఆ చిప్పలో ఒకప్పుడొక ప్రాణి నివసించెననియు, ఆ ప్రాణికి చుట్టములు కలరనియు తలచినవారు అరుదు. ఆ చుట్టరికము ఎవరితో? అదే చెఱువులోని నత్తతోనా? గట్టు బొఱియలోని ఎండ్రకాయతోనా? సముద్రములోని ముత్యపుచిప్పతోనా? ప్రశ్న చిన్నది. సమాధానమునకు మాత్రము మానవులు రెండు వేల యేండ్లకు పైగా వెదకిరి.

ఆంగ్లేయులు ఆల్చిప్ప, నత్త, ఎండ్రకాయ, రొయ్య, వీని నన్నిటిని కలిపి 'షెల్ ఫిష్' అందురు. వానిలో చేప ఒక్కటియు లేదు. అది వంటింటి మాట, అంగడి మాట. వండువానికి, అమ్మువానికి ఆ మాట చాలును. నిజాము కాలపు దస్త్రములలో భూమిని తరి, ఖుష్కి అని నీటి వసతినిబట్టి విడదీసిరి. శిస్తు కట్టుటకు ఆ విభాగము చాలినది. ఆ నేల రేగడియో, చెల్కయో, చౌడో తెలిసికొనవలెనన్న తరి యను మాట పనికిరాదు. మన్ను త్రవ్వి చూడవలసినదే. ప్రాణుల విషయమునను అంతే. పైనున్న గుల్ల యొకటి. లోపలనున్న జీవము వేఱొకటి.

పూర్వులు ఈ ప్రాణుల నెట్లు విభజించిరో చూచుట ముచ్చటగా ఉండును. అమరసింహుని నిఘంటువు ప్రథమకాండమున వారివర్గము కలదు. నీటితో సంబంధించినవన్నియు అందే చేరినవి: చేప, తాబేలు, మొసలి, కర్కటకము, జలగ, శంఖము, కప్ప. శుక్తికి 'ముక్తాస్ఫోట' మని పేరు, అనగా ముత్యము వెలువడునట్లు విచ్చుకొనునది. చిన్న శంఖమునకు 'శంఖనఖ' మని పేరు. శంబూకములను జలశుక్తు లనిరి. పేర్లు చక్కనివి, విభాగము మాత్రము నివాసమునుబట్టి చేసినది. నిఘంటుకారుని పని పేర్లు కూర్చుట గనుక దానికి తప్పు పట్టరాదు.

వైద్యుల సంగతి వేఱు. చరకుడు సూత్రస్థానమున మాంసముల గుణములు చెప్పుచు శుక్తిని, శంఖమును, తాబేటిని, కర్కటకమును, చేపను 'వారిశయ' వర్గమున ఒక్కచోటనే పెట్టెను. సుశ్రుతుడు అంతటితో తృప్తి చెందలేదు. అన్నపాన విధి యను అధ్యాయమున ఆయన చేపలను ప్రత్యేకించి, మిగిలినవానిలో 'కోశస్థ' ములని ఒక వర్గమును, 'పాది' నులని మఱియొక వర్గమును చేసెను. కోశములో, అనగా గుల్లలో ఉండునవి శంఖము, శంఖనఖము, శుక్తి, శంబూకము మొదలగునవి. పాదములు గలవి తాబేలు, మొసలి, కర్కటకము మొదలగునవి. ఎండ్రకాయను మొసలితో కూర్చుట నేటివారికి వింతగా తోచును. కాని ఎండ్రకాయను శుక్తినుండి విడదీసిన ఆ చూపు సామాన్యమైనది కాదు. దాని వీపున గట్టి పెంకు ఉన్నను, అది కోశములో నివసించుట లేదనియు, కాళ్ళతో నడచుచున్నదనియు ఆయన గుర్తించెను. గ్రీసు దేశమున క్రీస్తు పూర్వము నాలుగవ శతాబ్దమున అరిస్టాటిలును ఆలుచిప్పలను, నత్తలను ఒక వర్గముగను, ఎండ్రకాయలను, రొయ్యలను వేఱొక వర్గముగను చెప్పెను.

జైనులు మఱియొక త్రోవ త్రొక్కిరి. ఉమాస్వాతి తత్త్వార్థాధిగమ సూత్రమునకుగల భాష్యమున ప్రాణులను ఇంద్రియముల సంఖ్యనుబట్టి విభజించినారు. స్పర్శ, రుచి యను రెండే ఇంద్రియములు గలవానిలో శంఖము, శుక్తిక, శంబూకము చేరినవి. వానితోపాటు ఎఱ్ఱయు, జలగయు చేరినవి. ఈ మాట గుర్తుంచుకొనదగినది. దీని అవసరము ముందు కలుగును.

ఇంత చెప్పిన పిదప, ఆధునిక శాస్త్రము మొదటి అడుగులోనే తడబడినదని చెప్పక తప్పదు. స్వీడన్ దేశీయుడు లినీయసు 1758లో తన ప్రకృతి వ్యవస్థ గ్రంథము పదియవ కూర్పును ప్రకటించెను. ప్రాణులకు రెండు మాటల పేర్లు పెట్టు పద్ధతి అందుండియే స్థిరపడినది. ఎండ్రకాయను ఆయన కీటకములలో చేర్చెను. అది సత్యమునకు దగ్గఱ. శంఖములను, చిప్పలను మాత్రము 'వెర్మీసు', అనగా పురుగులు, అను పెద్ద గంపలో వేసి, అందు గుల్లగలవానిని 'టెస్టేషియా' అని వేఱు చేసెను. గుల్లలేని మెత్తని ప్రాణులు మఱియొక ప్రక్కకు పోయినవి. ఇట్లు గుల్లయున్న నత్తయు, గుల్లలేని నత్తయు రెండు గదులలో పడినవి. గుల్లను చూచి కొలిచినందున వచ్చిన చిక్కు ఇది. 1795లో ఫ్రాన్సు దేశమున కువియే శరీరములను కోసి లోపలి నిర్మాణము చూచి, గుల్ల ఉన్నను లేకున్నను ఇవన్నియు ఒక్క సముదాయమే యని స్థాపించెను. ఆ సముదాయమునకు 'మొలస్కా' అని పేరు. తెలుగున మృదుకాయములు అనవచ్చును.

అంతటి కువియేకును ఒక గుల్ల మోసము చేసినది. ఓడల అడుగునను, రేవు స్తంభములకును అంటుకొని తెల్లని చిన్న కొండలవంటి గుల్లలు ఉండును. కాకినాడ, భీమునిపట్నము పోయినవారు చూచియుందురు. ఆంగ్లమున బార్నకిలు అందురు. కదలదు, మెదలదు, సున్నపు గుల్లలో ఉండును. కనుక ఆలుచిప్పకు తమ్ముడని అందఱును నమ్మిరి. జాన్ వాన్ థాంసన్ అను సైనిక వైద్యుడు ఐర్లండు తీరమున సముద్రజలమును పలుచని గుడ్డవలతో వడగట్టి, దొరకిన సూక్ష్మజీవులను గాజుపాత్రలో పెంచి చూచెను. కాళ్ళును కన్నులును గలిగి రొయ్యపిల్లవలె ఈదుచున్న ప్రాణి యొకటి పాత్ర అడుగున అంటుకొని బార్నకిలుగా మాఱినది. 1830లో ఈ సంగతి ప్రకటితమైనది. బార్నకిలు ఎండ్రకాయ వంశము. ఆలుచిప్ప వంశము కాదు. ప్రాణి పెద్దదైన తరువాత ధరించు వేషమును కాక, పుట్టుకనుండి పెరిగిన తీరును చూడవలెనని పండితులకు అప్పుడు తెలిసినది. తరువాత డార్విను 1846 మొదలు 1854 వఱకు ఎనిమిదేండ్లు ఈ బార్నకిళ్ళమీదనే వెచ్చించెను.

ఇక శుక్తికిని ఎండ్రకాయకును గల భేదమేమి? ఒక్క మాటలో చెప్పవలెనన్న, ఒకదానికి గుల్ల ఇల్లు. రెండవదానికి పెంకు చొక్కా. ఎండ్రకాయ పెరిగినపుడు చొక్కా బిగువగును. దానిని విడిచి, మెత్తని మేనితో కొన్నాళ్ళు దాగి, క్రొత్త పెంకు గట్టిపడిన పిదప బయటికి వచ్చును. రొయ్య, తేలు, మిడుత, చీమ అన్నియు ఇట్లే చేయును. ఇవి కీళ్ళకాళ్ళ ప్రాణులు; సంధిపాదులు. ఆల్చిప్ప తన గుల్లను జన్మమున విడువదు. మేనిని కప్పియున్న ప్రావార మను పలుచని పొర అంచునుండి సున్నమును స్రవింపజేసి, ఉన్న ఇంటికే ముంగిట వసారా దించినట్లు పెంచుకొనుచుండును. చిప్పమీద కనబడు వంకర గీతలన్నియు ఆ వసారాల అంచులే. శిశువుగా కట్టిన మొదటి గది కీలు దగ్గఱ నేటికిని నిలిచియుండును.

మృదుకాయములలో మూడు తెగలను మాత్రము ఇచ్చట చెప్పిన చాలును. నత్త, శంఖము, గవ్వ ఒక తెగ. కడుపునే పాదముగా చేసికొని ప్రాకునవి గనుక ఉదరపాదులు. వానికి ఆకురాయివంటి నాలుక ఉండును; నాచును దానితో గీకి తినును. పూజామందిరములోని శంఖమును, అష్టాచెమ్మ ఆడు గవ్వయు చెఱువు నత్తకు జ్ఞాతులే. దక్షిణావర్త శంఖమని వేయింట ఒకటి దొరకనిదానికై ధనికులు వెఱ్ఱియెత్తుదురు కదా! శాస్త్రజ్ఞులు దానినే ఎడమచుట్టు శంఖ మందురు. శంఖమును పట్టుకొను తీరునుబట్టి కుడి ఎడమలు మాఱినవి, అంతే.

రెండవ తెగ ద్విపుటకములు. ఆల్చిప్ప, ఆలుచిప్ప, ముత్యపుచిప్ప ఇందులోనివి. వీనికి తలయు లేదు, గీకెడి నాలుకయు లేదు. మొప్పలతో నీటిని వడగట్టి అందలి సూక్ష్మమైన ఆహారమును గ్రహించి బ్రదుకును. మూడవ తెగ శీర్షపాదులు. సముద్రమునందలి ఎనిమిది చేతుల ఆక్టోపసు ఈ తెగది. దీనికి బయట గుల్ల లేదు. దీని దాయాదియైన కటిలుకు మాత్రము గుల్ల ఒంటిలోపల ఉండును. ఆయుర్వేద మూలికల దుకాణములో సముద్రపు నురుగని అమ్ము తెల్లని తేలిక బిళ్ళ అదే. నురుగు గడ్డకట్టినదని కొందఱు నమ్మెదరు. అది ఒక ప్రాణి వీపులోని గుల్ల.

ద్విపుటకములలోనే చూడుడు, పేరొకటైనను కుదురు వేఱైనవి ఎన్ని యున్నవో! ఆంగ్లమున 'ఆయిస్టరు' అను మాట మూడింటికి వాడుదురు. రాతికి అంటుకొని ఉండు తినెడి ఆలుచిప్ప ఒకటి. ముత్యమునిచ్చు చిప్ప రెండవది. ఇది ఆ క్రమములోనిదే యైనను కుటుంబము వేఱు. కాకినాడ అఖాతమున దొరకు పలుచని గుండ్రని చిప్ప మూడవది. గోవాలోను, ఫిలిప్పీను దీవులలోను దానిని కిటికీలకు గాజుబిళ్ళలవలె అమర్చిరి. దాని చుట్టరికము తక్కిన రెండింటితో కాక స్కాలపు అను విసనకఱ్ఱవంటి చిప్పలతో. కాకినాడవారు గుల్లలను సున్నపు బట్టీలకు చిరకాలము వాడిరి. బట్టీలో పడిన పిదప అన్నియు ఒక్కటే సున్నము. చట్టమున మాత్రము ఒక్కటి కావు. వన్యప్రాణి సంరక్షణ చట్టము పట్టికలలో 2001లో కొన్ని మృదుకాయములను చేర్చినపుడు ఈ కిటికీచిప్ప చేరినది. దాని ప్రక్కనే అఖాతపు బురదలో పెరుగు, ఎఱ్ఱని నెత్తురుగల గుల్ల చేరలేదు. గంపలో ఏ చిప్ప యున్నదో తెలియని బెస్తవానికి తాను చేయుచున్నది జీవనమో, నేరమో తెలియదు. పేరు తెలియుట పండితుల ముచ్చట మాత్రమే కాదనుటకు ఇది యొక నిదర్శనము.

స్వాతికార్తెలో పడిన వానచినుకు శుక్తిలో ముత్యమగునని కవులు చెప్పిరి. భర్తృహరి దానిని నీతికి దృష్టాంతముగా గ్రహించెను. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసెను. ఆ పద్యము నీతికి ఎంత చక్కగా ఒప్పినను, ముత్యము చినుకువలన పుట్టదు. ప్రావారములోని కణములు ఏ కారణముననో లోపలికి చొచ్చి సంచిగా ఏర్పడి, గుల్లను కట్టినట్లే ముత్యమును పొరలు పొరలుగా కట్టును. హైదరాబాదు ముత్యములు పూర్వము పారసీక సింధుశాఖనుండి వచ్చిన సముద్రపు ముత్యములు. నేడు ఆ దుకాణములలో అమ్మునవి చాలవఱకు చైనా దేశపు మంచినీటి చిప్పలనుండి వచ్చినవి. ఆ మంచినీటి చిప్పలు సముద్రపు ముత్యపుచిప్పకు దూరము; హాలియా చెఱువులోని ఆల్చిప్పకు దగ్గఱ. ఇవి యూనియోనిడా అను ఒకే క్రమమునకు చెందినవి. మామిడికాయ చెక్కు తీయుటకు వాడి పాఱవేసిన చిప్ప లోపలి తళుకును ఒకసారి ఎండకు పట్టి చూచినచో ఈ బంధుత్వము కంటికే తెలియును.

ఈ చెఱువు ఆల్చిప్పకు లామెల్లిడెన్సు మార్జినాలిసు అని పేరు. 1819లో లామార్కు దీనిని మొదట వర్ణించెను. దీని సంతానపు కథ విచిత్రము. సముద్రపు ఆలుచిప్ప పిల్లలు రెండు మూడు వారములు స్వేచ్ఛగా ఈది రాతికి అంటుకొనును. ఆల్చిప్ప పిల్లలు చేప మొప్పలను, రెక్కలను కఱచి పట్టుకొని కొంతకాలము దానిమీదనే బ్రదికి, పిదప బురదలో రాలును. నడవలేని ఆల్చిప్ప ఒక చెఱువునుండి మఱియొక చెఱువునకు చేప వాహనము మీద పోవుచున్నది. చేపలు చచ్చిన నీటిలో కొంతకాలమునకు ఆల్చిప్పలును ఉండవు.

పేర్లును మాఱుచుండును. తూర్పుతీరపు తినెడి ఆలుచిప్పకు 1916లో ప్రెస్టను మద్రాసు మీదుగా ఒక పేరు పెట్టెను. క్రాసోస్ట్రియా మద్రాసెన్సిసు అని చిరకాలము పుస్తకములలో నడచినది. ఆ ప్రాణికే రోడింగు 1798లో పేరు పెట్టియుండెనని తేలినందున, నేటి పట్టికలలో అది మగల్లానా బైలినియేటా అయినది. ఒకే సర్వే నంబరుకు రెండు పట్టాలు బయటపడినచో తొల్లిటిది నిలుచును కదా! ప్రాణిశాస్త్రమునను అదే న్యాయము.

ఇటీవలి శాస్త్రజ్ఞులు కణములలోని వంశసూత్రములను పోల్చి చూచి, చర్మము విడుచు ప్రాణులన్నియు ఒక మహాశాఖ అనియు, మృదుకాయములు, ఎఱ్ఱలు, జలగలు వేఱొక మహాశాఖ అనియు 1995, 1997 సంవత్సరములలో ప్రతిపాదించిరి. ఉమాస్వాతి శుక్తిని ఎఱ్ఱతోను, జలగతోను కూర్చిన మాట ఇచ్చట జ్ఞప్తికి వచ్చును. పూర్వులకు అంతయు ముందే తెలియునని చప్పట్లు కొట్టుటకు తొందరపడరాదు. ఆయన లెక్కించినది ఇంద్రియములను. ఫలితము కలిసినది కాకతాళీయముగా. సుశ్రుతుని విషయము అట్లు కాదు. ఆయన కాళ్ళున్నవో లేవో కన్నులార చూచి విడదీసెను.

గ్రంథాలయముల బీరువాలలోను ఈ చుట్టరికమే కనబడును. అనేక గ్రంథాలయములు అనుసరించు డ్యూయీ పద్ధతిలో మృదుకాయముల పుస్తకమునకు 594. ఎండ్రకాయ పుస్తకము చీమ, తేలుల పుస్తకములతోపాటు 595లో. చేపలు 597లో ఉండును. వంటల పుస్తకములకు 641 వేఱుగా ఉన్నది. అచ్చట అన్నియు మఱల ఒక్క గిన్నెలో కలియును.

ఇక గొఱ్ఱెలకాపరులు వినదగిన సంగతి. 1967 ఆగష్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిరి. తరి పెరిగినది, కాలువ జాలువారు చోట్ల, పొలము కాలువల అంచున తడి నిలిచినది. తడి యున్నచోట నత్తలుండును. గొఱ్ఱెలకు, పశువులకు వచ్చు కార్జపు జలగవ్యాధికి నత్తయే నడిమి యిల్లు. ఆకువంటి ఆ జలగ గొఱ్ఱె కార్జములో గ్రుడ్లు పెట్టును. అవి పేడతో, పెంటికలతో నీటిలో పడి పొదుగును. పిల్ల ఈదుకొనిపోయి నత్త ఒడలిలో దూరి, అచ్చట వందలుగా పెరిగి వెలువడి, నీటి అంచు గడ్డికి అంటుకొని చిన్న తిత్తిగా కూర్చుండును. ఆ గడ్డిని మేసిన గొఱ్ఱెకు రక్తము తగ్గును. గవదక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడును. ఇంగ్లండున థామసును, జర్మనీలో లూకార్టును వేఱువేఱుగా 1881-83 ప్రాంతమున ఈ చక్రమును కనుగొనిరి. వారికి పెద్ద చిక్కు ఏ నత్త యనునదే. జలగ పిల్ల కనబడిన ప్రతి నత్తలోను పెరుగదు. తనకు తగిన జాతి దొరకినగాని దానికి బ్రదుకు లేదు.

ఈ ప్రాంతపు వరిమళ్ళలో పెద్దగా, గుండ్రముగా కనబడు నత్త పైలా జాతిది. దాని పాదము వెనుక గట్టి మూత ఉన్నది; లోపలికి ముడుచుకొనినపుడు తలుపు వేసినట్లు వాకిలి మూయును. నీటిలో పీల్చుటకు మొప్పయు, గాలి పీల్చుటకు ఊపిరితిత్తియు రెండును దానికి కలవు. వేసవిలో బురదక్రింద మూత బిగించి నిద్రించును. బెయిని ప్రసాదు దీని శరీర నిర్మాణమును 1925లో కలకత్తా ఇండియను మ్యూజియము గ్రంథమాలలో సవిస్తరముగా వర్ణించెను. గొఱ్ఱెల కార్జపు జలగకు ఇల్లిచ్చునది ఇది కాదు. అది లిమ్నియా కుటుంబపు నత్త: చిన్నది, గుల్ల పలుచన, గోటితో నొక్కిన పగులును, కొమ్ములు మొద్దుగా ముక్కోణముగా ఉండును, మూత ఉండదు. దాని ప్రక్కనే బిళ్ళవలె చదునుగా చుట్టుకొన్న మఱియొక మూతలేని నత్త ఉండును. పశువులకు గురక పుట్టించు ముక్కు వ్యాధి దానిద్వారా వచ్చును.

కనుక మూతలేని సన్నగుల్లల నత్తలు గుంపుగా కనబడిన నీటి అంచున మందను మేపరాదు. తొట్టిలో నీరు పోసి త్రాగింపవలెను. గవద వాచిన జీవమును పశువైద్యునికి చూపవలెను. పైలా నత్తకు మూత యున్నది కదా యని దానిని పచ్చిగా గాని, సగము ఉడికినదిగా గాని తినరాదు. ఎలుకల ఊపిరితిత్తి పురుగు దానిలో ఉండవచ్చును, మనుష్యుని మెదడును అది బాధించును. మూత చూచునపుడు బ్రదికియున్న నత్తనే చూడవలెను. చచ్చిన నత్తకు మూత ఊడిపోవును. గట్టున దొరకు వట్టి గుల్లలన్నియు మూతలేనివిగానే కనబడును.